పెళ్ళి లాన్ పక్కన చేతిపంపు

కలెక్టరు గారూ, మీ ఆఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాను, ఇది అయిదోది. ఆ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మూడోది అందిందా అని అడగడానికి వెళితే, గుమాస్తా దానిమీదే టీ గ్లాసు పెట్టుకుని కూర్చున్నాడు. నేనది మరిచిపోలేదు.

నిరుడు మాఘమాసం. అమలాపురంలో నీటి పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. సత్యవతి గారనే పెద్దావిడ సీసాతో నీళ్ళు తెచ్చారు. మూడు నెలల మనవరాలికి డబ్బాపాలు పట్టాక పెదాలు, గోళ్ళు నీలంగా మారుతున్నాయట. పాపను ఆస్పత్రిలో చేర్చుకున్న డాక్టరు నీళ్ళు పరీక్ష చేయించుకురమ్మన్నారు.

నైట్రేట్ టెస్ట్ చేశాను. ఎరువు నీళ్ళలోకి దిగి మారే రూపమే నైట్రేట్. అది ఒంట్లో చేరితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలమవుతుంది. మందు కలిపితే నీళ్ళు గులాబీ రంగు తిరుగుతాయి, ముదిరేకొద్దీ ప్రమాదం. ఆ రంగు చార్టులో చివరి గడిని దాటిపోయింది. నమ్మలేక మళ్ళీ చేశాను. అదే రంగు.

కాచిన నీళ్ళేనా అని అడిగాను.

"ఆయ్, పసిపిల్ల కదండీ. కషాయంలా సగానికి మరిగించి మరీ కలుపుతున్నానండి."

మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. సగం నీళ్ళు ఆవిరైతే మిగిలిన సగంలో రెట్టింపవుతుంది. చెప్పలేక చెప్పాను. ఆవిడ బల్ల పట్టుకుని కూర్చుండిపోయారు.

"అయితే నా చేత్తో నేనే పట్టేనాండీ?"

మీ తప్పు కాదమ్మా అని వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాను. పాప బతికింది.

మర్నాడు ఆస్పత్రిలో పాపను చూసి, వాళ్ళింటికి వెళ్ళాను. ఇసక నేల, లోతులేని చేతిపంపు. గోడ అవతలే కల్యాణ మండపం లాన్. ముహూర్తాల రోజుల్లో గడ్డి పచ్చగా కనబడాలని వారం వారం యూరియా చల్లి నీళ్ళు వదులుతారట. యజమాని మర్యాదగానే మాట్లాడారు.

"ఎంత వెయ్యాలో ఎవరూ చెప్పలేదండి. రూలుంటే చూపించండి, ఇప్పుడే మానేస్తాను."

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ ఆఫీసులో అడిగితే లాన్ పంట కాదు కాబట్టి ఎరువుల వాళ్ళకు పట్టదన్నారు. సొంత పంపు కాబట్టి నీళ్ళ వాళ్ళకూ పట్టదట. "పరీక్ష చెయ్యడం వరకే కదండీ మీ పని" అన్నాడు గుమాస్తా. ఇన్నేళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను. ఆ పాప గోళ్ళు చూశాక అనుకోలేను.

లాన్‌కు ఎంత ఎరువు వెయ్యొచ్చో, తాగే నీటి పంపుకు ఎంత దూరంలో వెయ్యొచ్చో నియమం పెట్టండి. పెట్టకపోతే ఎందుకు పెట్టరో సంతకం చేసి రాయండి. మళ్ళీ ముహూర్తాలు వస్తున్నాయి. ఆ వీధిలోనే ఇంకో బాలింత ఉంది. ఆవిడ ఏ నీళ్ళు కాచుకోవాలో మీరే చెప్పండి.