బూట్లు చూసి బెదిరిన భక్తురాలు

నేను ఊదిన ఒక్క ఈలకి ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమం కాసేపు ఆగిపోయింది. నవ్వకండి. ఆ క్షణంలో నా చుట్టూ ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. మాది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ, ఓ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. ఆ ఉద్యోగం వస్తే యాదగిరిగుట్టకు నడిచొస్తానని మొక్కుకున్నాను. తీరా బయల్దేరే రోజున బంద్ అన్నారు. తోడొస్తానన్న స్నేహితురాలు దుప్పటి ముసుగేసుకుంది. నేను మాత్రం మహా వీరనారిలా ఒక్కదాన్నే కదిలాను.

అమ్మ ఫోన్లో ఒకటే జాగ్రత్తలు. "దారిలో ఎవర్నీ నమ్మకు. మంచినీళ్లిచ్చినా తాగకు. ఆడవాళ్లయినా సరే నమ్మకు."

"దేవుణ్ణి నమ్మొచ్చా?"

"వెటకారాలు చాలుగానీ, మెడలో ఆ ఈల వేసుకో!"

వేసుకున్నాను. చైతన్యపురి దాటేసరికి నా వెనక అడుగులు వినిపించాయి. తిరిగి చూస్తే పొడుగాటి మనిషి. చీర కట్టుకుని, మొహం కనపడకుండా తువ్వాలు చుట్టుకుంది. కాళ్లకేమో మగవాళ్ల బూట్లు! నేను ఆగితే ఆగింది. వేగం పెంచితే పెంచింది. కొత్తపేట పండ్ల మార్కెట్ బయట, బంద్‌ని లెక్కచెయ్యని ఓ బండి దగ్గర బత్తాయిలు బేరమాడుతున్నట్టు నటించాను. తనూ పక్క బండి దగ్గర జామకాయలు నొక్కుతూ నిలబడింది.

నాకింక సందేహం లేదు. చీర కట్టిన దొంగ! ఆ తువ్వాలు కింద మీసాలు కూడా ఊహించేసుకున్నాను. మెలితిరిగిన మీసాలు.

అలా వెనక్కి చూసుకుంటూనే ఎల్బీ నగర్ చేరాను. అక్కడ రోడ్డు మధ్యలో ఉద్యమకారుల వంటావార్పు జరుగుతోంది. పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది, నినాదాలు మోగుతున్నాయి. జనంలో కలిసిపోతే బతికిపోతానని లోపలికి దూరాను. అంతలో నా భుజమ్మీద చెయ్యి పడింది.

ఒంట్లో ఉన్న ఊపిరంతా పోసి ఈల ఊదాను.

"పోలీసులొచ్చిన్రు! ఉరుకుండ్రి!" అని ఎవరో అరిచారు. జనం తలో దిక్కూ పరుగు. గరిటె పట్టుకున్న పెద్దాయనొక్కడే, ప్రాణం పోయినా పప్పు వదలనన్నట్టు, గిన్నెకి అడ్డంగా నిలబడ్డాడు. ఎంతకీ లాఠీలు కనబడకపోయేసరికి అందరూ వెనక్కొచ్చారు.

"ఈల ఎవలూదిన్రు?"

"నేనేనండీ. క్షమించండి."

ఆ 'అండీ'తో నా ఊరూ పేరూ బయటపడిపోయాయి.

"ఆంధ్రామెనా? మా వంట చెడగొట్టనీకి నిన్నెవరు పంపిన్రు?"

చుట్టూ అన్నీ అనుమానపు చూపులే. అప్పుడు నా వెనకున్న బూట్ల మనిషి తువ్వాలు తీసింది. మీసాల్లేవు. నుదుట రూపాయి కాసంత బొట్టు.

"ఎవరు పంపుతరు? గుట్టకు మొక్కు తీర్చుకోను పోతున్నది. నాతోనే ఒచ్చింది," అంది.

ఒడ్డున పడేదాన్నే. కానీ అమ్మ మాట చెవిలో మోగింది. "ఈవిడెవరో నాకు తెలీదండీ!" అని అరిచాను.

ఆవిడ తల కొట్టుకుంది. "జర సప్పుడు జెయ్యకు బిడ్డా! నిన్ను కాపాడుతున్న!"

గరిటె పెద్దాయన పగలబడి నవ్వాడు. "ఇద్దరూ కూసోండ్రి. తిని పోండ్రి. నడిచేటోళ్లకు బలముండాలె," అంటూ విస్తరాకులు వేయించాడు.

వేడన్నంలో పప్పు కలుపుకుంటూ ఆవిడ చెప్పింది. పేరు భారతమ్మ. పోచంపల్లి వాళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. గుట్ట మొక్కు నిజానికి తనదట, నన్ను కాపాడ్డానికి నాకూ అంటగట్టింది; నాదీ అదేనని తెలిసి నోరెళ్లబెట్టింది. ఎండకి తువ్వాలు, నడకకి వాళ్లాయన బూట్లు.

"మరి నా వెంటెందుకు పడ్డారు?"

"బంద్ కద, రోడ్డు మీద ఒక్కదాన్నే పోవాలంటే భయమైంది. నీ మెడల ఈల జూసి, మఫ్టీల ఉన్న పోలీసామె అనుకున్న. నీ ఎనక నడిస్తే నాకేం కాదనుకున్న. నువ్వేమో నన్ను జూసి ఉరుకుతివి! జనంల తప్పిపోతవని భుజం పట్టుకుంటే ఈల ఊదితివి!"

ఆ మధ్యాహ్నం నుంచి పక్కపక్కనే నడిచాం. మర్నాడు గుట్ట మెట్ల మీద నిలబడి నరసింహస్వామి సాక్షిగా ప్రమాణం చేశాను: ఒంటరిగా నడిచే ఏ ఆడమనిషినీ ఇక జన్మలో బూట్లు చూసి అనుమానించను, ముందు పేరడుగుతాను. మగవాళ్లని మాత్రం ఆ ప్రమాణంలో చేర్చలేదు. మిగిలిన అనుమానమంతా వాళ్ల కోసం భద్రంగా దాచి ఉంచాను.