ముద్దుకృష్ణప్ప తువ్వాలు ముడి

ముద్దుకృష్ణప్ప రోజూ తెల్లవారుతూనే స్నానం చేసి, నుదుట నామం దిద్దుకుని, ఇంటి వెనక మిట్ట ఎక్కేవాడు. తూర్పుకు తిరిగి, చెంపకు చెయ్యి ఆనించి, పెదవులు కదిపేవాడు. పాముమంత్రం పదును పోకుండా సూర్యుడికి ఒప్పజెప్పుకుంటున్నాడని ఊరు ఊరంతా నమ్మింది. పుంగనూరు నుంచి సోమల వెళ్లే దారిలోని ఆ చిన్న ఊరికి, ఆయన కోసం కుప్పం వైపు నుంచి కూడా జనం వచ్చేవారు.

ఆ చేతిలో ఉన్నది బటన్ల ఫోను. సిగ్నల్ ఆ మిట్ట మీదే దొరుకుతుంది.

"మాలతమ్మా, ఈ పొద్దు పాముమందు ఉండాదా?"

మాలతి దగ్గర్లోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. "ఉండాది తాతా. యాల, నీకేమన్నా కరిసిందా?" అని రోజూ అదే మాట అని నవ్వేది. డ్యూటీ లేని రోజు కూడా ఎవరినో అడిగి మరీ చెప్పేది. ఒక్కనాడూ విసుక్కోలేదు.

మిట్ట దిగి వస్తే భార్య నాగరత్నమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ, "ఏమనె నీ సూర్యుడు?" అని అడిగేది. ఊళ్లో ఈ గుట్టు తెలిసింది ఆమె ఒక్కతికే.

పాము కరిచిందన్న కబురు చెవిన పడగానే ముద్దుకృష్ణప్ప భుజం మీది తువ్వాలు అంచుకు ముడి వెయ్యాలి. ఆ ముడి ఉన్నంతసేపు విషం పైకెక్కదు. తండ్రి ఆయనకు అలాగే నేర్పాడు, ఆయనా అలాగే నమ్మాడు. పద్దెనిమిదేళ్ల కిందట పెద్దపంజాణి నుంచి విజయమ్మ అనే ఆవిడను ఎద్దుల బండిలో తెచ్చి ఆయన వాకిట్లో పడుకోబెట్టారు. మూడు గంటలు, ఒక్క అక్షరం తప్పకుండా మంత్రం చెప్పాడు. ఆమె ప్రాణం పోయింది. ముడి మాత్రం వేసింది వేసినట్టే బిగిసి ఉంది. ఆ ముడిని చూసి ఆయన చాలాసేపు ఏడ్చాడు.

అప్పటి నుంచి దారి మార్చాడు. ముడి వేసేవాడు, మూడుసార్లు స్వామిని తలుచుకునేవాడు, "ఆజ్ఞ అయిందప్పా, ఆసుపత్రికి పోయి సూది ఏయించుకోండి, అందాకా నా ముడి కాస్తాది" అనేవాడు. డాక్టరు చెబితే కదలనివాళ్లు ఆయన చెబితే కదిలేవారు. మంత్రం ఉత్తదని చెప్పేస్తే ఇంకో మంత్రగాడిని వెతుక్కుంటారు. అందుకే నోరు మెదపలేదు. దేవుడి మీద భక్తి మాత్రం ఆయనకు వీసమెత్తు తగ్గలేదు. సూదిలో ఉన్నదీ ఆ స్వామే అనుకునేవాడు.

ఆ సోమవారం ఉదయం మాలతి నవ్వలేదు. "మా దగ్గర ఉన్నది రాత్రే ఒకాయనకు ఏసేసినాము తాతా. సాయంత్రానికి వస్తాది. అందాకా ఎవరన్నా వస్తే నేరుగా మదనపల్లెకు పంపించు."

ఏడున్నర దాటి ఉంటుంది. అంబిక పరుగెత్తుకుంటూ వచ్చింది. టమాటా తోటలో కర్రలు పీకుతున్న ఆమె మొగుడు యువరాజ్‌ను నాగుపాము కరిచింది. పడగ తన కళ్లారా చూశానంది.

ముద్దుకృష్ణప్ప చేతులు వాటంతటవే ముడి వేసేశాయి. మిట్ట ఎక్కి మాలతికి ఫోన్ చేసి, "మదనపల్లెకు చెప్పు తల్లీ, వస్తాండాము" అన్నాడు. దిగి అంబిక వెంట వాళ్ల ఇంటికి పరుగు తీశాడు.

యువరాజ్ అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆటో నడిపే వినోద్ ఎవరూ పిలవకుండానే బండి తెచ్చి, దారి వైపు తిప్పి నిలబెట్టి ఉన్నాడు. యువరాజ్ తల్లి బయ్యమ్మ మాత్రం గడపలో నిమ్మళంగా కూర్చుని ఉంది.

"ముడి పడిందా అన్నా?"

"పడిందమ్మా. లేపండి, మదనపల్లెకు పోదాం."

"ఇప్పుడు రాహుకాలం గదన్నా. తొమ్మిదింటికి పోతాది. నీ ముడి ఉండాది గదా, ఇంక తొందరేముండాది?"

"స్వామి ఆజ్ఞ అయింది బయ్యమ్మా."

"స్వామికి మాత్రం రాహుకాలం లేదా? పోయినేడు లక్ష్మీపతిని కరిస్తే, నీ ముడి పొద్దు గూకేదాకా పట్టుకోలేదా?"

లక్ష్మీపతిని కరిచింది విషం లేని పాము. ఆ సంగతి ముద్దుకృష్ణప్పకు తెలుసు, చెప్పలేదు. ఇప్పుడు ఆ మౌనమే వచ్చి దారికి అడ్డం కూర్చుంది.

యువరాజ్ రెప్పలు బరువుగా వాలుతున్నాయి. "నాయనా, నన్ను సూడు" అంటే తల ఎత్తాడు గాని కళ్లు తెరవలేకపోయాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. విజయమ్మకూ ఇలాగే వాలాయి.

ముద్దుకృష్ణప్ప బయ్యమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "బయ్యమ్మా, నా ముడిలో ఏమీ లేదు. ఉత్త గుడ్డ. పద్దెనిమిదేళ్లుగా నేను పంపిస్తాండేది సూదికే. బతికించింది ఆ సూదే."

చుట్టూ ఉన్నవాళ్లు చేతులు జోడించారు. "పెద్దోళ్లు ఎప్పుడూ అట్లనే అంటారు. గొప్ప సెప్పుకోరు" అన్నారొకరు.

"మాలతమ్మనే అడగండి!"

"ఎవరినీ అడిగే పని లేదన్నా. నువ్వు కూసో, మజ్జిగ తాగు" అంది బయ్యమ్మ.

యువరాజ్ నోటి చివరి నుంచి చొంగ కారింది. అంబిక కొంగుతో తుడిచి, ముద్దుకృష్ణప్ప ముఖంలోకి చూసింది.

ముద్దుకృష్ణప్ప తువ్వాలు భుజం మీది నుంచి తీశాడు. అందరూ చూస్తుండగా ముడిని పళ్లతో వదులు చేసి, ఒక్క గుంజు గుంజి విప్పేశాడు.

అరుగంతా గొల్లుమంది. "సంపేస్తివే! నా బిడ్డను సంపేస్తివి గదరా ముసలోడా!" బయ్యమ్మ లేచి ఆయన చొక్కా పట్టుకుంది.

"సంపితే సంపితిననుకో! విషం ఇడిసినాను. ఇంక ఆపేది మదనపల్లె సూది ఒక్కటే. ఎత్తండ్రా!"

రాహుకాలం ఎవరికీ గుర్తు రాలేదు. నలుగురు కలిసి ఎత్తి ఆటోలో పెట్టారు. అంబిక వినోద్ పక్కన ఎక్కింది. బయ్యమ్మ ఏడుస్తూ, తిడుతూ కొడుకు కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. ముద్దుకృష్ణప్ప అతణ్ణి పక్కకు ఒత్తిగిలించి పట్టుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాడు. పుంగనూరు దాటేసరికి ఊపిరి సన్నబడింది. మదనపల్లె దగ్గర టమాటా లారీలు దారి నిండా ఉన్నాయి. వినోద్ కేకలు విని, ఎవరో తెలియని ఒక డ్రైవరు లారీని వెనక్కి తీసి చోటిచ్చాడు. ఆ మనిషి ముఖం చూసే తీరిక కూడా లేకపోయింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. మాలతి ముందే చెప్పి పెట్టింది.

గొంతులో గొట్టం వేశారు, సూదులు ఎక్కించారు. మధ్యాహ్నమంతా తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురూ లేచి నిలబడ్డారు. బయ్యమ్మ ఆయన వైపు చూడలేదు. సాయంత్రం దీపాల వేళకు నర్సు బయటికి వచ్చి, "కండ్లు తెరిసినాడు, రండి" అంది.

బయ్యమ్మ లోపలికి పోయి, కొడుకును చూసి వచ్చి, ముద్దుకృష్ణప్ప పక్కన బెంచీ మీద కూర్చుంది. కొంగులోని రెండు బన్నుల్లో ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"మరి ఇన్నేండ్లు ఆ మిట్టెక్కి ఏం సేస్తాంటివన్నా?"

"ఫోను సేస్తాంటిని."

ఆమె బన్ను కొరికింది.

ముద్దుకృష్ణప్ప అంబిక వైపు తిరిగాడు. చొక్కా జేబులోంచి, మాలతి నంబరు రాసిన నలిగిన కాగితం తీశాడు.

"నీకొక పని సెప్తా, కాదనొద్దు తల్లీ. రేపటి నుంచి నా మాట ఎవరు నమ్ముతారో, ఎవరు నమ్మరో తెలీదు. నా మోకాళ్లు కూడా మిట్ట ఎక్కనంటాండాయి. పొద్దున్నే తోటకు పోతా పోతా, నువ్వొకసారి ఆ మిట్టెక్కి, మందు ఉండాదా అని అడిగి, ఊర్లో నలుగురికీ సెప్పి పోతావామ్మా?"