ఆ తుపాకీ కొయ్య ఎలా విరిగింది?

ఈ ఆదివారం మా ఆవిడ గరాజ్ సర్దుతూ, డెట్రాయిట్ పక్కనున్న నోవై నుంచి మోసుకొచ్చి, మంచు అంతగా పడని ఈ పడమటి తీరపు బాతెల్‌లో ఒక్కసారైనా సరిగ్గా వాడని మంచు పారల వెనకనుంచి ఒక పొడవాటి అట్టపెట్టెను బయటికి లాగి, దుమ్మైనా తుడవకుండా తెచ్చి నా ముందు పెట్టింది. "ఇంకెన్నాళ్లండీ దీన్నిలా దాచుకుంటారు? విప్పరు, పారేయమంటే ఊరుకోరు" అంది. ఆమె విసుక్కోవడంలో తప్పు లేదు. ఆ పెట్టెలో ఉన్నది ఒక పాతకాలపు సైనిక రైఫిల్‌కు నా చేతులతో కూర్చిన వాల్‌నట్ కొయ్య. తుపాకీ లేదు, కొయ్య మాత్రమే ఉంది.

ఆరేళ్ల కిందటి మాట. రెండువేల తొమ్మిది చలికాలంలో డెట్రాయిట్ చుట్టుపక్కల కాపురమున్న మన వయసువాళ్లకు కార్ల కంపెనీలు దివాలా తీసిన ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు. కార్ల విడిభాగాల కంపెనీలో ఇరవై రెండేళ్లు డ్రాయింగులు గీసిన నన్ను ఒక మంగళవారం ఉదయం పిలిచి, చేతిలో ఖాళీ పెట్టె పెట్టి, బల్ల మీది వస్తువులు సర్దుకోమన్నారు. గుడిలో కనిపించినవాళ్లు అడిగితే "వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నానండీ" అని అబద్ధమాడి, ప్రసాదం తీసుకోకుండానే బయటపడేవాణ్ణి. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని మంచు పడటం చూస్తూ ఉండేవాణ్ణి. కొన్ని రోజులు గడ్డం గీసుకోవాలని కూడా అనిపించేది కాదు.

పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. డెబ్భై దాటి చాలా ఏళ్లయింది, భార్య పోయి రెండేళ్లు. ఆయన వాకిట్లో మంచు తోసిపెట్టడం నాకు అలవాటు. మా నాన్న తెనాలి దగ్గర వడ్రంగి పని చేసేవాడని మాటల్లో ఎప్పుడో చెప్పాను కాబోలు, ఒకరోజు నన్ను తన గరాజ్‌లోకి పిలిచి గుడ్డలో చుట్టిన రైఫిల్ చూపించాడు. కుర్రతనంలో కొరియా యుద్ధంలో తాను మోసినటువంటిదేనట, తిరిగొచ్చాక కొనుక్కున్నాడట. గొట్టమూ ఇనుప భాగాలూ బాగానే ఉన్నాయి, భుజానికి ఆనించే కొయ్య మాత్రం రెండు ముక్కలై ఉంది. దానికి బదులు ముప్పాతికవంతు చెక్కిన కొత్త కొయ్యను పోస్టులో తెప్పించుకున్నాడు గానీ, చేతులు వణుకుతున్నాయి, ఉలి నిలవడం లేదు. కూర్చి ఇస్తే గోడకు తగిలించుకుంటానన్నాడు. హాల్లో ఫైర్‌ప్లేస్ పైన అందుకోసం కొట్టిన రెండు కొక్కేలు నిజంగానే ఖాళీగా ఉన్నాయి.

విరిగిన ముక్కలను చేతిలోకి తీసుకుని చూశాను. కింద పడి విరిగిన కొయ్య సన్నటిచోట కలప చార వెంబడి ఏటవాలుగా చీలుతుంది. ఇది అలా చీలలేదు. చారకు అడ్డంగా రెండు గొడ్డలి దెబ్బలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వడ్రంగి కొడుకుని, చూడగానే తెలిసింది. ఎలా విరిగిందని అడగబోయి ఊరుకున్నాను. పెద్దవాళ్ల ఇంటి సంగతులు తవ్వకూడదనే కదా మనల్ని పెంచారు! ఆయన కూడా ఆ ముక్కలను నా చేతిలోంచి తీసుకుని గుడ్డ కిందికి తోసేశాడు.

మర్నాటినుంచి పదింటికల్లా ఆ గరాజ్‌లో ఉండేవాణ్ణి. ఇనుము కొయ్యలో కూర్చోవాలంటే ఎక్కడ తగులుతోందో ముందు తెలియాలి. తలుపు బిగించేటప్పుడు మా నాన్న దీపపు మసిని నూనెలో కలిపి పూసేవాడు. నోవైలో దీపపు మసి ఎక్కడిది? మా ఆవిడ కాటుక డబ్బా పట్టుకుపోయాను. "ఉద్యోగం లేదని ఇంట్లో కూర్చోబెడితే చివరికి నా కాటుకకు వచ్చారా!" అని ఆమె నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వగా వినడం అదే మొదటిసారి. ఇనుముకు కాటుక పూసి, కొయ్యలో దించి, పైకెత్తి, నల్లగా అంటినచోట మాత్రమే ఉలితో పొరంత గీరడం, మళ్లీ పూయడం, మళ్లీ దించడం, రోజంతా ఇదే పని. వెంట్రుకవాసి ఎక్కువ గీరితే సందు పడిపోతుంది. పెద్దాయన స్టూలు మీద కూర్చుని కాఫీ పోసిచ్చేవాడు, దీపం పట్టుకునేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నేను గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాను, రాత్రిళ్లు నిద్ర పట్టింది. ఒప్పుకోవాలి, ఆ చలికాలం ఆ పనే నన్ను నిలబెట్టింది.

ఒక శనివారం ఒహాయో నుంచి ఆయన కూతురు వచ్చింది. గరాజ్ గుమ్మంలో నిలబడి, బల్లకు బిగించి ఉన్న కొయ్యను చూసి, ఇది పూర్తికావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందని అడిగింది. రెండు వారాలు చాలునని గొప్పగా చెప్పాను. ఆమె తండ్రి వైపొకసారి చూసి, తొందరేమీ లేదని, నెమ్మదిగా చేయమని, పని ఉంటే నాన్న బాగుంటాడని అంది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ గరిట పక్కన పెట్టి, "ఆవిడేదో చెప్పబోయిందండీ. ఏంటమ్మా అని అడగాల్సింది" అంది. వాళ్లింటి గొడవలు మనకెందుకని కొట్టిపారేశాను.

మార్చిలో బాతెల్ నుంచి ఉద్యోగం కబురొచ్చింది. పది రోజుల్లో చేరాలి. ఇల్లు సర్దాలి, కారు పంపించాలి, వంద పనులున్నాయి. అయినా ఒకరింట్లో పని సగంలో వదిలి పోకూడదన్నది మా నాన్న పట్టుదల, నాకూ అదే అబ్బింది. రెండు రోజులు పగలంతా కూర్చుని మిగిలిన పని ముగించాను. చివరిసారి ఇనుమును దించినప్పుడు సందులో కాగితం ముక్క కూడా దూరలేదు. అవిసె నూనె పట్టించి ఆయన చేతికిచ్చాను. భుజానికి ఆనించుకుని చెంప కొయ్యకు చేర్చగానే ఆయన చేతుల వణుకు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, మీ నాన్న చూడాల్సింది అన్నాడు. కొక్కేలకు నేనే తగిలిస్తానంటే, తర్వాత తానే తగిలించుకుంటానన్నాడు. నేను పొంగిపోయి ఇంటికొచ్చాను.

బాతెల్ వచ్చిన మూడో వారంలో ఆయన కూతురు ఫోన్ చేసింది. పెద్దాయన ఆ తుపాకీతోనే ప్రాణం తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ల కిందట ఒకసారి అదే ప్రయత్నం చేస్తే, మర్నాడు వాళ్లమ్మ గొడ్డలి పట్టుకుని పెరట్లోకి వెళ్లి ఆ కొయ్యను రెండు దెబ్బల్లో నరికేసిందట. దాన్ని బాగుచేయించనని ఆయన చేత ఒట్టు వేయించుకుందట. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ ఒట్టు నిలిచింది. "మీరు అడుగుతారేమో అనుకున్నాను. అడగకపోయేసరికి, నాన్న ముందు ఎలా చెప్పాలో తెలియలేదు" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. కొన్ని నెలల తర్వాత కొయ్యను విడదీయించి, ఇది మీ చేతిపని అని పెట్టె మీద చీటీ అంటించి పంపింది.

ఆదివారం మొదటిసారి పెట్టె విప్పాను. నూనె మెరుపు తగ్గలేదు. లోపలి గాడిలో, గొట్టం కూర్చునేచోట, మా ఆవిడ కాటుక ఇంకా సన్నగా అంటుకుని ఉంది. పని బాగుంది. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. కళ్లముందున్న గొడ్డలి దెబ్బలను చూసి కూడా నోరు మెదపకపోవడాన్ని మర్యాద అనుకున్నాను. మన తరంలో చాలామందిమి అలాగే అనుకున్నాం, ఎదుటివాడి ఇల్లు కాలుతున్నా తలుపు తట్టడానికి మొహమాటపడ్డాం. ఇప్పుడు ఇక్కడి మనవాళ్లలో నన్ను కాస్త ఆరాలు తీసే మనిషి అనుకుంటారని తెలుసు. అనుకోనీ.

పెట్టెను మళ్లీ మంచు పారల వెనకే పెట్టాను. నిన్న మా వీధిలో కొత్తగా దిగిన ఒకాయన కాలు విరిగిన కుర్చీ తెచ్చి, "అంకుల్, కాస్త అతికించి పెడతారా" అన్నాడు. ఎలా విరిగిందని అడిగాను. ఏదోలెండి, పడిపోయిందన్నాడు, నవ్వుతూనే. కుర్చీని పక్కన పెట్టి, కూర్చో నాయనా అని ఇంకో కుర్చీ లాగాను. అతను చెప్పడం మొదలుపెట్టేదాకా ఉలి ముట్టుకోలేదు.