సంగన్న లేచి నిలబడి మాట్లాడే ఫోన్

నిన్న పొద్దున సంగన్న బావమరిది ఫోన్ చేసి, "అన్నా, బావ పోయిండు" అన్నాడు.

"పొద్దుగాల్నే జోకులేందిరా, మీ బావ చెప్పమన్నడా?" అని కట్ చేశాను.

మళ్ళీ చేశాడు. ఈసారి ఏడుస్తున్నాడు.

ఊరందరికీ దొంగ ఫోన్లు చేసే నాలాంటోడికి నిజం ఫోన్ వస్తే ఇట్లాగే ఉంటుంది.

అప్పటి నుంచి కూర్చోలేకపోతున్నాను. షాపు తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. ఇది టైప్ చేస్తూ కూడా తిరుగుతూనే ఉన్నాను. తప్పులుంటే సర్దుకోండి, పదో తరగతి తప్పినవాడిని.

తెలియనివాళ్ళకు చెబుతున్నా. జహీరాబాద్‌లో నా మొబైల్ రిపేర్ షాపు ఎదురుగా కూర్చుని వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టేవాడు సంగన్న. సగం రోజు పన్నుల హెల్ప్‌లైన్‌కే పోయేది. స్పీకర్ ఆన్ చేసి పెడితే ఆ హోల్డ్ మ్యూజిక్ మా గల్లీ మొత్తానికి కంఠస్థం.

అవతల ఆఫీసర్ దొరకగానే చెప్పులు విడిచి, లేచి నిలబడేవాడు.

ఫోన్లో! ఎవరు చూస్తారయ్యా?

నేను చూసేవాడిని.

ఒకసారి కొత్త సిమ్ముతో, గొంతు మార్చి ఫోన్ చేశాను. "హెల్ప్‌లైన్ నుంచి. మీ సమస్య తొందరగా చెప్పండి." పాపం, పావుగంట నిలబడే చెప్పాడు. నవ్వు ఆగక నేను కౌంటర్ కింద దూరబోయి దొరికిపోయాను.

తిడతాడనుకున్నాను.

"అరే సాలే, గొంతు మంచిగున్నది. రోజు వచ్చి ఆఫీసర్ లెక్క నన్ను అడుగు. అసలోళ్ళు దొరికినప్పుడు లైన్ కట్ కాకముందే చెప్పుడు నేర్చుకుంట" అన్నాడు.

అట్లా మా రిహార్సల్స్ మొదలు. నేను విసుక్కునేవాడిని, "అది మా సెక్షన్ కాదు" అని గదమాయించేవాడిని. సంగన్న వదిలేవాడు కాదు.

ఈ వారం మేం రిహార్సల్ చేసిన కేసు మొగుడంపల్లి శాంతమ్మది. అల్లం వ్యాపారం. పాత ఫోన్ నంబరు పోయింది, ఓటీపీలన్నీ దానికే పోతున్నాయి. ఓటీపీ లేక రిటర్ను లేదు, రిటర్ను లేక లారీలో సరుకు పంపే బిల్లు లేదు. బస్తాల్లో అల్లం మెత్తబడుతోంది. కాల్ బ్యాక్ కోసం మొన్నంతా సంగన్న ఫోన్ చేతిలోంచి దించలేదు.

ఈరోజు పొద్దున నేను సంగన్న ఇంట్లో ఉండగా ఆ ఫోన్ మోగింది. వదిన తెచ్చి నా చేతిలో పెట్టింది.

హెల్ప్‌లైన్.

సంగన్న గొంతు పెడదామనే పాడుబుద్ధి పుట్టింది, దాచను. నోరు తెరిస్తే నా గొంతే వచ్చింది.

"సార్, సంగన్న నిన్న పోయిండు. నేను దోస్తుని. కేసు మాత్రం నాకు నోటికొస్తది. జర కట్ చేయకున్రి."



"చెప్పండి" అన్నాడాయన.

రెండు నిమిషాల్లో చెప్పేశాను. శాంతమ్మను ఆధార్, దరఖాస్తుతో రేపే ఇక్కడి జీఎస్టీ ఆఫీసుకు పంపమన్నాడు, నంబరు మారుస్తారట. ఆ మాట తనే కేసులో రాసి పెడతానన్నాడు.

ఫోన్ పెట్టాక వదిన నా వైపే చూస్తోంది. "నువ్వు గూడ గట్లనే నిలవడ్డవ్ గదా" అన్నది.

నిజమే. నిన్నటి నుంచి ఆగని కాళ్ళు ఆ రెండు నిమిషాలు కదలలేదు.

సంగన్నా, శాంతమ్మ పని అయితది. ఇంక ఎవరి లైన్ కోసమూ నిలబడకు.

జర కూసో. నిమ్మళంగా ఉండు.