విమానాల బీడుకు

నాంపల్లి స్టేషనులో వికారాబాద్ ప్యాసింజరు ఎనిమిది గంటలకు. ముందే టిక్కెట్టు కొనుక్కుని ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికాను. మా ఆయన లేడు. అంతకుముందు బండికే వెళ్ళిపోయాడన్నమాట.

తెల్లవారి లేచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. ఆబిడ్స్ మూల మీద పాలు పోసే నర్సమ్మను అడిగాను.

"స్టేషన్ దిక్కు పోతుండె. యాడికి మామా అంటే, విమానమొస్తది, గొడ్లను ఎల్లగొట్టాలె అన్నడు."

ఏడాదిగా ఆయనకు మతి నిలకడగా లేదు. మా ఊరి దొర తన సొంత విమానం దిగడానికి ఊరి బయట గడ్డినేల చదును చేయించినప్పుడు దానికి కాపలాదారు మా ఆయనే. ఉన్నది ఒక్క విమానమే అయినా ఊరంతా ఆ నేలను విమానాల బీడు అనేది. తర్వాత దొర విమానం అమ్మేశాడు, బీడు మూతబడింది, మేం బతుకుతెరువుకు నాంపల్లి చేరాం. ఇప్పుడా నేల రైతులది. పోయిన నెల మా చెల్లెలు వచ్చినప్పుడు చెప్పింది, బీడు నడిమధ్యన బావి తవ్వారట, చుట్టూ గోడ ఇంకా కట్టలేదట. విమానం కోసం చూసే మనిషి కాళ్ళ కిందికి చూడడు. నా భయమంతా అదే.

రైల్లో ఎదురుగా గుంటూరు వైపు పంతులమ్మ ఒకామె కూర్చుంది. ఇడ్లీ పొట్లం విప్పి, "తినండి పిన్నిగారూ, మీరు పస్తుంటే బండేమీ తొందరగా పరిగెత్తదు" అంది. ఒకటి తీసుకున్నాను.

వికారాబాదులో ఊళ్ళ బస్సులు స్టేషను బయటే ఆగుతాయి. ఈమధ్యే రాత్రిబడిలో నేర్చిన అక్షరాలతో బోర్డులు కూడబలుక్కుని మా ఊరి బస్సెక్కాను. తెల్ల రుమాలు కట్టిన ముసలాయన పొద్దున ఎక్కాడా అని కండక్టరును అడిగాను.

"ఎక్కిండమ్మా. గాలి పడమటికి మళ్ళింది, జర చూసి దింపు అని డ్రైవరుకు చెప్పిండు."

బస్సులో వాళ్ళు నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను.

దిగాక అరగంట నడక. దారిలో నీళ్ళు దొరకవు. విమానం ఉంచిన కొట్టానికి మొండిగోడలే మిగిలాయి. బీడులో సగం దున్నేశారు. నడుమ ఎర్రమట్టి కుప్ప ఉంది, బావి అక్కడే. దానికి కాస్త ఇవతల మా ఆయన ఆకాశంలోకి చూస్తూ, కర్రతో మేకలను అదిలిస్తున్నాడు.

మేకలు కాసే లచ్చమ్మ నాకు ఎదురొచ్చింది. "ఎంత పిలిచినా ఇంటలేడు వదినా. దగ్గరికి పోతే కట్టె ఎత్తుతున్నడు, ఎనకకు జరుగుతున్నడు."

నేనూ పిలిచాను. బీడు మీద నుంచి పొమ్మని చెయ్యి ఊపి ఒక అడుగు వెనక్కి, బావి వైపు వేశాడు. ఇక కదలడానికి భయపడ్డాను.

అప్పుడు గుర్తొచ్చింది. విమానం వచ్చే ముందు బీడు అంచున పచ్చిగడ్డి కాల్చేవారు, గాలి ఎటు వీస్తోందో పైనున్నవాడికి తెలియడానికి. పొగ లేచాక మనిషి గానీ గొడ్డు గానీ బీడు మీద ఉండకూడదు. కాపలాదారైనా అంచున ఉన్న గట్టు ఎక్కాల్సిందే.

లచ్చమ్మ చుట్ట కాలుస్తుంది. ఆమె అగ్గిపెట్టె తీసుకుని మొండిగోడ పక్కన గడ్డి పోగుచేశాను. తడికి అంటుకోలేదు. రెండు పుల్లలు విరిగాయి. చివరికి ఎండుటాకులు రగిలి, పొగ పైకి లేచింది.

ఆయన చూశాడు. కర్ర దించి, బావికి ఎడంగా తిరిగి, గబగబా గట్టు మీదికి నడిచి వచ్చాడు. "పచ్చిగడ్డి ఇంకా ఎయ్యాలె" అన్నాడు నాతో. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎంతసేపైనా ఆకాశం మీద నుంచి చూపు మరల్చకపోతే, "ఇయ్యాల రాదట, రేపొస్తదట" అని అబద్ధమాడి బస్సెక్కించాను.

ఆ బీడు చూడాలనుకునేవాళ్ళు పగలే వెళ్ళండి, గట్టు మీదనే నడవండి. అక్కడ ఇక విమానాల గుర్తంటూ ఏమీ లేదు. దాన్ని ఇంకా కాపలా కాస్తున్నది ఒక్క మా ఆయనే.

సాయంత్రం బండిలో ఆయన అడిగాడు: "రేపు ఎన్నింటికి?"

రేపని చెప్పింది నేనే. అందుకే అన్నాను:

"ఒక్కనివి పోకు. పొగ పెట్టనీకి మనిషి కావాలె గద. నన్ను లేపు."

ఆయన అన్నాడు: "ఔ, లేపుత."

నాంపల్లి వచ్చేదాకా ఆ మాట ఆయనతో మళ్ళీ మళ్ళీ అనిపిస్తూనే ఉన్నాను.