మహానందమ్మ చిటికెనవేలు

ఆళ్లగడ్డలో దేవుళ్లను చెక్కేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. గురుస్వామి కూడా బతుకంతా దేవుళ్లనే చెక్కాడు. కానీ కళ్లారా చూసుకుందామని ఆయన వెళ్లేది ఏ గుడికీ కాదు. నంద్యాలలో ఒక పార్కు గేటు బయట, బిందె చంకనెత్తుకుని నిలబడిన ఆడమనిషి రాతిబొమ్మ ఉంది, ఆయన చెక్కిందే. ఆ బిందెను పట్టుకున్న చెయ్యి ఆయన భార్య మహానందమ్మది.

ముఖం ఆమెది కాదు. ముఖం, చీరకట్టు పని అప్పజెప్పినవాళ్లు చూపించినట్టే దింపాడు. చేతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో ఉన్న చేతినే చూసి చెక్కాడు. పెళ్లయిన కొత్తలో రాయి దించుతుంటే నలిగి ఆమె చిటికెనవేలు వంకరపోయింది. ఆ వేలు చూపించే ఆమె మొగుణ్ణి తిట్టేది. మూడేళ్ల కిందట ఆమె పోయింది. ఫోటోల్లో ముఖముంది గానీ చెయ్యి ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే శుక్రవారం వస్తే పల్లెవెలుగు బస్సెక్కి వెళ్లి, బొమ్మ ఎదుట సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు. ఎవరూ చూడనప్పుడు లేచి ఆ వేలు తాకేవాడు. అంతకు మించి ఆయన వెలగబెట్టిన ఘనకార్యం ఏమీ లేదు.

పక్కనే బ్యాంకు ఉండటం ఆయన ఖర్మ. ఒకరోజు కానిస్టేబుల్ వచ్చి బండి ఆపాడు.

"ఏయ్, వారం వారం ఈడే కూర్చుంటాండావే, ఎవురు నువ్వు? ఏం చూస్తాండావ్?"

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే మనిషి గురుస్వామి. పెళ్లాం వేలు చూస్తున్నానని నడిరోడ్డు మీద ఎట్లా చెబుతాడు? "ఏం లేదు సార్" అన్నాడు. ఏం లేకపోతే ఎందుకు కూర్చున్నావన్నాడు వాడు. స్టేషన్‌కు తీసుకుపోయి, పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ఫోటో తీసుకుని, మళ్లీ ఆ పక్క కనపడొద్దని పంపారు. దెబ్బ వేయలేదు పాపం, అంతవరకు మంచివాళ్లే.

ఆ తర్వాత ఆయన నంద్యాల బస్సెక్కలేదు. ఎండలు పోయాయి, వానలూ పోయాయి. శుక్రవారం వస్తే ఉలి మీద చెయ్యి నిలిచేది కాదు. ఆ వేలు చూడాలని ప్రాణం కొట్టుకుపోయేది. "కలలోకన్నా వచ్చి తిట్టరాదూ" అని గోడతో అనేవాడు.

క్రిస్మస్‌కు ముందు నంద్యాల లాయరు ప్రసన్నకుమారి వచ్చి, తండ్రి ఎలీషా సమాధికి రాతి సిలువ చెక్కమంది. నువ్వే వచ్చి నిలబెట్టాలంది. రానన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే జరిగిందంతా చెప్పి తల వంచుకున్నాడు.

"వాళ్లు అడగొచ్చన్నా, తప్పు లేదు. ఉన్నది చెప్పు, సరిపోతాది. అనుమానానికి ఒక కారణమంటూ లేకుండా స్టేషన్‌కు లాక్కపోయేదానికి లేదు. రోడ్డు పక్కన కూర్చునేది నేరమా ఏందీ? వచ్చి కూర్చో. ఏమన్నా అంటే నాకు ఫోన్ చెయ్."

సిలువ నిలబెట్టిన రోజు గురుస్వామి పార్కు దాకా నడిచాడు. బొమ్మకు వెండిరంగు పూసి ఉంది. దగ్గరికి వెళ్లి చెయ్యి చూశాడు. చిటికెనవేలు తిన్నగా ఉంది.

"వంకరుందని మేస్త్రీ సరిచేసినాడు లేప్పా, పోయిన నెల," అంది గేటు దగ్గర టీలమ్మే బాలమ్మ. "పాత ఏలు కొట్టేసి సిమెంటుతో కొత్తది పెట్టినాడు."

గురుస్వామికి మహానందమ్మ రెండోసారి చచ్చిపోయినట్టయింది. ఆ సిమెంటు వేలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వెనక బండి ఆగింది. అదే కానిస్టేబుల్.

"మళ్లా వచ్చినావా? ఏం చూస్తాండావ్?"

ఈసారి గురుస్వామి చెప్పాడు.

"నా పెండ్లాం ఏలు చూస్తాండా సార్. ఈడ నేను చెక్కింటి. వంకరుందని కొట్టేసినారంట. నన్ను కూర్చోనిచ్చింటే, వద్దప్పా అని చెప్పేదానికి ఒక మనిషన్నా ఉండేవాడు."

కానిస్టేబుల్ బొమ్మ వైపు చూశాడు. "కూర్చో పెద్దాయనా" అని బండి తీశాడు.

గురుస్వామి బల్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం బస్సు దాకా కూర్చున్నాడు. లెమ్మన్నవాళ్లు ఎవరూ లేరు.