కిరాయి సారు చెప్పిన సముద్రం

మా మనవడు మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న సెలవులకు ఇంటికి వచ్చి రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఏం చేస్తున్నావని అడిగాను. ఏదో ఆట కోసం సముద్రం ఒడ్డున గోల్ఫ్ మైదానం తయారు చేస్తున్నాడట.

"నేనొక్కన్నే కాదు తాతా, నలుగురం. మిగిలిన ముగ్గుర్ని నేను ఎన్నడూ సూడలె. ఒకడు ఇసుక దిబ్బలు పెడ్తడు, ఒకడు గడ్డి, ఒకడు గాలి. నావి నీళ్లు."

"అరవై తొమ్మిదిల నేను గూడ ఒకటి చేసిన," అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. "అప్పుడు కంప్యూటర్లు యాడియి తాతా?"

"కాయితం మీద చేసినం. ఇద్దరం."

రెండో మనిషి ఎవరని వాడు అడగలేదు. వాడికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మా ఇల్లు చేవెళ్లలో ఉండేది. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాణ్ణి. నాకు పంతొమ్మిదేళ్లు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పొద్దున బాపుతో పొలానికి పోయి, మధ్యాహ్నం శాఖా గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. కిటికీ పక్క బీరువా మొత్తం చదివేశాను, గోడ పక్క బీరువా సగానికి వచ్చింది అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు ఒక పేజీ చొప్పున నమిలేవాణ్ణి. కాలేజీలో చదివేవాళ్లకు తెలియనిది నాకు తెలిసిన రోజున నాకు అన్నం రుచిగా ఉండేది.

మా వెనక గదిలో ఒకాయన కిరాయికి ఉండేవాడు. సర్కారు ఆఫీసులో గుమాస్తా, కోస్తా మనిషి. ఇంట్లో అందరం కిరాయి సారు అనేవాళ్లం. ఆయన భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టిందని కార్డు వచ్చిన వారానికే, మా ఉద్యోగాలు కోస్తా వాళ్లకు పోతున్నాయని మొదలైన గొడవలు పెద్దవయ్యాయి.

మా కోపం ఉత్తది కాదు. మా చిన్నాయన కొడుకు మెట్రిక్ పాసై మూడేళ్లు ఉద్యోగం కోసం తిరిగాడు. నేను కూడా బజారులో ఊరేగింపు వెంట నడిచి, గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చాను. సిటీలో కాల్పులు జరిగాయన్న రోజు అవ్వ పొయ్యి వెలిగించలేదు. కానీ ఒక మధ్యాహ్నం పక్క వీధిలో ఉండే ఇంకో కోస్తా ఉద్యోగి సామాను వీధిలో పడింది. మంచం, బిందెలు, పిల్లల పలక. ఆయన్ని ఎవరూ కొట్టలేదు. సామాను పడేస్తుంటే ఆయన అరుగు మీద నిలబడి, చేతులు కట్టుకుని చూశాడు. ఆ కట్టుకున్న చేతులు చూశాక నా నినాదం నా గొంతులోనే ఉండిపోయింది. మొయినాబాద్ దగ్గర బస్సులు ఆపి ఒక్కొక్కరితో మాట్లాడిస్తున్నారని, యాస తేడాగా ఉంటే దింపేస్తున్నారని కూడా ఊళ్లో చెప్పుకున్నారు. అది ఎంత నిజమో తెలియదు. భయానికి ఆ మాట చాలు.

ఆ సాయంత్రమే బాపు వెనక గదికి బయట నుంచి తాళం వేసి, కిరాయి సారు వాళ్ల ఊరికి పోయాడని అందరికీ చెప్పాడు. సారు లోపలే ఉన్నాడు. మా వంటింట్లో నుంచి ఆ గదికి ఒక చిన్న తలుపు ఉండేది. దానికి అడ్డంగా అవ్వ జొన్నల గుమ్మి జరిపింది.

మాది చర్చికి పోయే కుటుంబం. ప్రతి గురువారం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే జరిగేది. మానేస్తే ఎందుకు మానేశారని అడుగుతారు. అందుకని ఇరవై మంది మా చాప మీద కూర్చుని పాడుతుంటే, గోడకు అవతల ఒక మనిషి నోట్లో తుండుగుడ్డ కుక్కుకుని కూర్చునేవాడు. ఆయనకు వేసవిలో దగ్గు వస్తుంది. అందరూ కళ్లు మూసుకుని మౌనంగా ప్రార్థించే ఆ రెండు నిమిషాలు నేను కళ్లు తెరిచి గుమ్మి వైపే చూసేవాణ్ణి. ఒకసారి సన్నగా దగ్గు వినిపించింది. వెంటనే అవ్వ గట్టిగా దగ్గి, "పొయ్యి పొగ," అంది. ఆ పూట పొయ్యి ఆరి ఉంది.

గదిలో సారుకు పని లేదు. కాగితం చింపి ముక్కలు చేసి, మళ్లీ ఆ ముక్కల్ని పేర్చుతూ ఉండేవాడు. అది చూసి నాకు దిగులు పుట్టి, ఏదైనా ఆట తయారు చేద్దామన్నాను. ఆయన, చిన్నప్పుడు ఓడరేవు ఊళ్లో దొరలకు గోల్ఫ్ కర్రల సంచి మోసేవాణ్ణని, ఆ మైదానం సముద్రం పక్కనే ఉండేదని చెప్పాడు. గోల్ఫ్ గురించి నేను గోడ పక్క బీరువాలో చదివాను. బొమ్మలు కూడా చూశాను. సరే, అదే చేద్దామన్నాను.

పాత క్యాలెండర్ కాగితాలు నాలుగు వెనక్కి తిప్పి గంజితో అతికించాం. గడ్డికి ఆకు పసరు, ఇసుకకు పసుపు, సముద్రానికి బట్టలకు పెట్టే నీలిమందు. తొమ్మిది గుంటలు, తొమ్మిది జెండాలు. గవ్వలు వేస్తే పడిన లెక్క ప్రకారం చింతగింజ బంతి ముందుకు పోవాలి. నియమాలు నావి, నేల ఆయనది. అంతా గుసగుసల్లోనే.

మొదటి రోజు సముద్రం నేనే గీశాను. ఆయన కాగితం వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఇదేంటయ్యా, సముద్రానికి కట్ట వేశావ్?"

"నీళ్లు ఆగాలె గద సార్."

"తూము కూడా పెట్టావా?"

"గేట్లు పెట్టిన."

నాకు తెలిసిన పెద్ద నీళ్లు హిమాయత్ సాగర్ చెరువు ఒక్కటే. ఒడ్డున నల్లమట్టి, తుమ్మచెట్లు కూడా గీశాను. సారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. తాళం పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. వంటింట్లో నుంచి అవ్వ గుమ్మి మీద వేలితో కొట్టింది. నవ్వు ఆపేశాం.

తర్వాత ఆయన చెప్తుంటే నేను గీశాను. నీళ్లు ఒక్కచోట ఉండవని, పగలూ రాత్రీ కలిపి రెండుసార్లు ముందుకొచ్చి రెండుసార్లు వెనక్కి పోతాయని చెప్పాడు. అది నేను చదివిందే. కానీ నీళ్లకు దూరంగా ఉన్న పొడి ఇసుకలో పాదం చీలమండ దాకా దిగుతుందని, అల ఇప్పుడే తడిపి వెళ్లిన ఇసుక మాత్రం గచ్చులా గట్టిగా ఉండి దాని మీద సైకిలు తొక్కవచ్చని నేను ఎక్కడా చదవలేదు. "పొడి ఇసుకలో బంతి చచ్చిపోతుంది. తడి ఇసుక మీద పరిగెడుతుంది," అన్నాడు సారు. దాన్నిబట్టి ఏడో గుంటకు నియమం రాశాను. గాలికి ఒక గవ్వ వేరుగా పెట్టాను. వెల్లకిలా పడితే సముద్రపు గాలి, బోర్లా పడితే నేల గాలి. ఏడో గుంట దగ్గర ఆయన నా పెన్సిల్ ఆపి, "పాప నడిచే వేళకి ఇక్కడికి తీసుకెళ్లాలి," అన్నాడు. కాగితం మీద ఆ చోటు మీదే వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మరుసటి వారం గ్రంథాలయంలో నలుగురం ఉన్నాం. పేపర్ దగ్గర ఒక విద్యార్థి నాయకుడు కూర్చున్నాడు. మొయినాబాద్ వాడు, సిటీలో డిగ్రీ చదువుతూ కాలేజీలు మూతపడి వచ్చాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఉద్యమంలో అతని మాటే మాట. ఏదో పుస్తకంలో సముద్రతీరం బొమ్మ చూసి, పక్కవాడితో అన్నాడు: "గా ఇసుకల సైకిల్ తొక్కుతున్నడు సూడు. ఉత్త బొమ్మ. ఇసుకల సైకిల్ ఎట్ల పోతది?"

నాకు తెలిసింది. కాలేజీ వాడికి తెలియలేదు. నోరు ఆగలేదు.

"పోతదన్న. పొడి ఇసుకల దిగవడ్తది గని, అల తడిపిన ఇసుక గచ్చు లెక్క ఉంటది. బంతి పడ్డ గూడ ఉరుకుతది."

అతను తలెత్తాడు. "ఏ బుక్కుల ఉన్నదిరా?"

"గా బీరువాల."

"తియ్యి మరి, సూద్దాం."

లేచి బీరువా దగ్గరికి పోయి, పుస్తకాల వీపుల మీద వేలు జరుపుతూ పోయాను. "ఎవరో ఇంటికి తీస్కపోయినట్టున్నరు," అన్నాను.

గ్రంథపాలకుడు రిజిస్టరులో నుంచి తల ఎత్తకుండా, "ఈ నెల ఆ బీరువాల పుస్తకం ఒక్కటి బయటికి పోలే. నువ్వు తప్ప ఎవలు ముట్టరు," అన్నాడు. పాపం, నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

విద్యార్థి నాయకుడు పేపరు మడిచాడు. "మీ కిరాయి సారుది సముద్రం దిక్కే గద?"

"ఎల్లిపోయిండన్నా. ఇరవై దినాలాయె."

"ఉన్నడా పోయిండా అని నేను అడగలె."

ఇంటికి వచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే బాపు ఆ పూటే ఏదో ఒకటి చేసేవాడు. చెప్పకపోతే ఏం జరుగుతుందో నాకు తెలుసు. అయినా గుమ్మి జరిపి లోపలికి పోయి, తొమ్మిదో గుంటకు పసుపు వేశాను. గీత దాటి పసుపు నీలం మీద పడింది. "మెల్లగా. తొందరేముంది మనకి?" అన్నాడు సారు.

మరునాడు మధ్యాహ్నం ఆ విద్యార్థి నాయకుడు మా ఇంటికే వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. అవ్వ చింతపండు గింజ తీస్తోంది. బాపు నాగలి కాడికి తాడు చుడుతున్నాడు.

"అవ్వా, జర మంచినీళ్లు ఇస్తవా?"

తాగి, చెంబు కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "ఎల్లుండి సిటీ నుంచి పిలగాండ్లు వస్తున్నరు. నేను వాండ్లకు చెప్పలే. గని లైబ్రరీల నేనొక్కన్నే లేకుంటి. మాట బయటవడ్డది. ఎవలన్న ఉంటె రేపటిలోగ పంపున్రి. వాండ్లొస్తే నా మాట ఇనరు."

లైబ్రరీ అన్న మాట దగ్గర నేను అవ్వ ముందున్న చింతపండు అందుకుని గింజ తీయసాగాను. బాపు అతన్నే చూస్తున్నాడు.

"నువ్వు ఇది చెప్పెటందుకు వచ్చినవా, మా ఇంట్ల ఉన్నడో లేడో సూసెటందుకా?"

"ఎట్లనుకుంటె గట్ల కాకా," అని అతను వెళ్లిపోయాడు.

అదే మా భయం. నిజంగా మేలు కోరి చెప్పాడా, గదిలో ఉన్న మనిషిని రోడ్డు మీదికి రప్పించడానికి చెప్పాడా? ఏదైనా సరే, రేపే పంపాలని బాపు అన్నాడు. అవ్వ లేచి వెనక గదిలోకి పోయి, మైదానం కాగితం తెచ్చి పొయ్యిలో పెట్టింది. "ఇంట్ల ఆయన గుర్తు ఒక్కటి గూడ ఉండొద్దు," అంది. గంజి అతికిన కాగితం నెమ్మదిగా, బుడగలు కడుతూ కాలింది.

సిటీ మీదుగా పోవడానికి లేదు. శంకర్‌పల్లిలో పడమటి రైలు ఎక్కి, రాయచూరు, గుంతకల్లు చుట్టి కోస్తాకు పోవచ్చని గ్రంథాలయంలోని పటం గుర్తు తెచ్చుకుని నేనే చెప్పాను. మాటే ప్రమాదం కాబట్టి, మాట్లాడే పని లేకుండా చెయ్యాలని అవ్వ అంది. పొద్దున్నే సారు దవడకు సున్నం, పసుపు పట్టించి, తల మీదుగా గుడ్డ కట్టింది. మా బాపు ధోతి కట్టించి, ఎడ్లబండిలో ఉల్లిగడ్డ బస్తాల మధ్య కూర్చోబెట్టింది.

దారిలో రెండు ఊళ్లు దాటాం. మూడో ఊరి మొగదల నలుగురు పడుచువాళ్లు బండి ఆపారు. ఒకడు ఎడ్ల ముకుతాడు పట్టుకున్నాడు.

"ఎవలు?"

"మా బామ్మర్ది," అన్నాడు బాపు. "పంటి నొప్పి. దవాఖానకు."

"ఏం పెద్దమనిషీ, యాపపుల్ల ఏసుడు బంద్ చేసి బెల్లం నమిలినవా?" అని ఒకడు నవ్వాడు. ఇంకొకడు నవ్వలేదు. దగ్గరికి వచ్చి గుడ్డ వైపు చూశాడు. "ఏ పన్ను? నోరు తెరువు. పేరేంది?"

సారు కళ్లు మూసుకుని మూలిగాడు. నేను ఉల్లిగడ్డ బస్తా మీద చెయ్యి వేసి, గోనె నార లాగుతూ కూర్చున్నాను. ఒక్క మాట, ఒక్క 'అండీ' చాలు. సారు మళ్లీ మూలిగి, పక్కకు వంగి రోడ్డు మీద ఉమ్మాడు. ఉమ్ములో నెత్తురు ఉంది. నాలుకో బుగ్గో కొరుక్కున్నాడు.

"అరె, చీము పట్టినట్టున్నది. పోనియ్యిరా," అన్నాడు మొదటివాడు.

స్టేషన్‌లో కూడా ఆయన మాట్లాడలేదు. టికెట్ బాపు తీశాడు. రైలు కదిలేటప్పుడు కిటికీలో నుంచి నా వైపు చూశాడు. ఆ పెట్టెలో చొక్కాలకు ఉద్యమం బ్యాడ్జీలు పెట్టుకున్న ఇద్దరు ఎక్కడం నేను చూశాను. బాపు చూడలేదు. నేను చెప్పలేదు.

పదకొండు రోజులు ఏ కబురూ లేదు. సిటీ పిల్లలు వచ్చి, తాళం పగలగొట్టి, ఖాళీ గది చూసి పోయారు. విద్యార్థి నాయకుడు వాళ్ల వెనకే వచ్చి, వీధిలోనే నిలబడ్డాడు. నాకు ఆ గది కంటే రైలు పెట్టెలోని ఆ ఇద్దరి భయమే ఎక్కువగా ఉంది. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు పొలం నుంచి పరిగెత్తి వచ్చేవాణ్ణి. గ్రంథాలయానికి పోలేదు.

పన్నెండో రోజు బాపు పేరు మీద కార్డు వచ్చింది. క్షేమంగా చేరానని, పాపను ఎత్తుకున్నానని, బదిలీకి రాసుకున్నానని, సామాను అవసరమున్న వాళ్లకు ఇచ్చేయమని ఉంది. చదివి వినిపించింది నేనే. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బాపు కార్డు నా చేతిలో నుంచి తీసుకుని, అక్షరాలు రాకపోయినా రెండువైపులా తిప్పి చూశాడు.

"గా పిలగాడు లైబ్రరీ అన్నడు గద. ఆయన మన ఇంట్ల ఉన్న సంగతి గక్కడ ఎట్ల తెలిసిందిరా?"

"ఎవలో సూసి ఉంటరు బాపూ," అన్నాను.

ఆయన కాసేపు నా ముఖం వైపే చూశాడు. తర్వాత కార్డు దూలం సందులో దోపి, ఎడ్లకు నీళ్లు పెట్టడానికి లేచాడు. బతికి ఉన్నన్ని రోజులూ మళ్లీ అడగలేదు.